మద్దతు ధరా, చేతికి నగదా? – యూరప్ అనుభవం, డెల్టా లెక్క

భీమవరం: రైతుకు ప్రభుత్వం చేసే సాయం ధర రూపంలో వుండాలా, నగదు రూపంలో వుండాలా అన్న ప్రశ్న పైకి రైతుకు, ప్రభుత్వానికి మధ్య విషయంగా కనబడుతుంది. కాని దాని ఫలితం మొదట తగిలేది ధాన్యం వ్యాపారానికే. ధర రూపంలో సాయం చేస్తే అది బస్తా రేటులో కలిసి మిల్లు గేటు నుంచి కాకినాడ రేవు వరకు ప్రయాణం చేస్తుంది. నగదు రూపంలో చేస్తే అది రైతు బ్యాంకు ఖాతాలో ఆగిపోతుంది. రేటు సంగతి మార్కెట్టే చూసుకోవలసి వుంటుంది.

ఈ రెండు పద్ధతులనూ ఒకదాని తర్వాత ఒకటిగా, పెద్ద ఎత్తున అమలు జరిపినది పశ్చిమ యూరప్. మన రాష్ట్రంలో ఇప్పుడు రెండూ పక్కపక్కనే నడుస్తున్నవి. కనుక అక్కడ ఏమి జరిగినదీ, గోదావరి డెల్టాకు అందులో ఏమి వర్తిస్తుందీ వర్తకులు తెలుసుకొనడం అవసరం.

యూరప్‌లో జరిగినది

1957 నాటి రోమ్ ఒప్పందంతో ఏర్పడిన యూరప్ ఉమ్మడి మార్కెట్టు 1962లో ఉమ్మడి వ్యవసాయ విధానాన్ని ప్రారంభించినది. యుద్ధకాలపు ఆహారపు కొరతను మరువని దేశాలవి. పద్ధతి సులభమైనదే. బయటి సరకు చౌకగా లోపలికి రాకుండా దిగుమతి సుంకం. లోపల ధర ఒక స్థాయికి పడితే ప్రభుత్వ కొనుగోలు. మిగిలిన సరకును బయట అమ్మడానికి ఎగుమతిదారులకు నష్టపరిహారం.

ఫలితం ఊహించగలిగినదే. ఎంత పండించినా కొనేవాడు వున్నాడు గనుక పంట పెరిగినది. 1970ల చివరి నుంచి 1980లలో వెన్న, పాలపొడి, గోధుమ నిల్వలు గోదాములలో పేరుకుపోయినవి. ఉమ్మడి బడ్జెట్టులో మూడింట రెండు వంతుల దాకా వ్యవసాయానికే పోయినది. మిగులు సరకును నష్టానికి ప్రపంచ మార్కెట్టులో పోయడం వలన ఇతర దేశాల రైతులు దెబ్బతిన్నారు. 1984లో పాల ఉత్పత్తికి కోటాలు పెట్టారు. అవి 2015 వరకు సాగినవి.

అసలు మలుపు 1992లో వచ్చినది. అప్పటి వ్యవసాయ కమిషనర్, ఐర్లండుకు చెందిన రే మెక్‌షారీ పేరుతో ప్రసిద్ధమైన సంస్కరణ అది. ధాన్యాల మద్దతు ధరను మూడేళ్లలో సుమారు 30 శాతం తగ్గించి, ఆ నష్టానికి బదులుగా హెక్టారుకు ఇంత అని రైతుకు నేరుగా సొమ్ము చెల్లించారు. పెద్ద రైతులు మొదట 15 శాతం భూమిని బీడు పెట్టాలని షరతు విధించారు. ఆ బీడుకు కూడా సొమ్ము ముట్టినది.

2003లో మరొక అడుగు వేశారు. ఏ పంట వేసినాడు, ఎంత పండించినాడు అన్నదానితో నిమిత్తం లేకుండా రైతుకు చెల్లింపు చేసే పద్ధతి వచ్చినది. మన వర్తకులకు ఆసక్తి కలిగించేది అందులోని బియ్యం భాగం. ఇటలీ, స్పెయిన్ దేశాలలో పండే వడ్లకు ప్రభుత్వ కొనుగోలు ధరను ఒక్కసారిగా సగానికి, అనగా టన్నుకు 150 యూరోలకు తగ్గించారు. ప్రభుత్వం కొనే పరిమాణాన్ని ఏడాదికి 75,000 టన్నులకు పరిమితం చేశారు. బదులుగా టన్నుకు 177 యూరోల లెక్కన నేరుగా సాయం నిర్ణయించారు. అంటే సర్కారు గోదాము తలుపు చాలా వరకు మూసి, బ్యాంకు తలుపు తెరిచారన్న మాట.

దానివలన నిల్వలు తగ్గినవి. యూరప్ ధరలు ప్రపంచ ధరలకు దగ్గరగా వచ్చినవి. 2021–27 బడ్జెట్టులో వ్యవసాయం వాటా సుమారు మూడవ వంతుకు దిగినది. అయితే కొత్త చిక్కులు వచ్చినవి. చెల్లింపు భూమిని బట్టి గనుక ఎక్కువ భూమి వున్నవారికే ఎక్కువ ముట్టినది. సుమారు 80 శాతం సొమ్ము 20 శాతం మందికే చేరుతున్నదన్న విమర్శ ఏళ్ల తరబడి వున్నది. సాయంలో కొంత భాగం కౌలు రేట్లలోకి, భూమి ధరలలోకి ఎక్కినది. 2024 మొదటి నెలలలో ట్రాక్టర్లతో బ్రస్సెల్స్ వీధులను దిగ్బంధం చేసిన రైతులను బట్టి, నగదు ఇచ్చినంత మాత్రాన ధర మీద అసంతృప్తి పోదని తేలుతున్నది.

మన దారి

మన దేశంలో ఆహార సంస్థ, వ్యవసాయ ధరల కమిషన్ రెండూ 1965లో ఏర్పడినవి. యూరప్‌లో మద్దతు ధర మిగులును సృష్టిస్తే, ఇక్కడ దానికి రేషను బియ్యం అనే ఖర్చు మార్గం వున్నది. 1983లో రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చిన తర్వాత ఆ మార్గం మరింత వెడల్పయినది.

డెల్టాలో ఈ విధానం చాలాకాలం లెవీ రూపంలో నడిచినది. మిల్లరు తన పెట్టుబడితో ధాన్యం కొని, ఆడించి, నిర్ణయించిన వంతు బియ్యాన్ని ఆహార సంస్థకు లెవీ ధరకు అప్పగించి, మిగిలినది పర్మిట్లపై స్వేచ్ఛగా అమ్ముకొనేవాడు. చివరి కాలంలో మన రాష్ట్రంలో లెవీ వంతు 75 శాతంగా వుండేది. అంటే మద్దతు ధరను రైతుకు చేర్చే పని ఆచరణలో మిల్లరు, బ్రోకరు మీదనే నడిచినది.

2015 జనవరిలో శాంతకుమార్ కమిటీ నివేదిక వచ్చినది. మద్దతు ధరకు సేకరణ సంస్థలకు అమ్ముకొనగలుగుతున్న రైతులు దేశంలో 6 శాతమే అని అది చెప్పినది. రైతుకు హెక్టారుకు సుమారు రు. 7,000 నేరుగా నగదు ఇవ్వాలన్న సూచన కూడా అందులో వున్నది. మెక్‌షారీ చెప్పిన మాటకు ఇది దగ్గరి చుట్టమే. లెవీని 2014 అక్టోబరు నుంచి 25 శాతానికి కుదించిన కేంద్రం, 2015 అక్టోబరు నుంచి పూర్తిగా ఎత్తివేసినది. అటుపైన సర్కారు సేకరణలో ధాన్యం ప్రభుత్వానిది. మిల్లరు మర పట్టి ఇచ్చి కూలి తీసుకొనేవాడు.

నగదు సాయం కూడా వచ్చినది. 2018లో తెలంగాణలో రైతుబంధు, 2019లో కేంద్రం వారి పి.ఎం. కిసాన్ కింద ఏడాదికి రు. 6,000, అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో కేంద్ర సాయంతో కలిపి రు. 13,500 చొప్పున రైతు భరోసా, 2025 ఆగస్టులో కేంద్ర సాయంతో కలిపి రు. 20,000 చొప్పున అన్నదాత సుఖీభవ మొదలైనవి. యూరప్‌లో ధర తగ్గించి నగదు ఇచ్చారు. ఇక్కడ ధర తగ్గించకుండానే నగదు ఇస్తున్నారు. తేడా అక్కడే వున్నది.

బస్తా లెక్క

సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర 1985–86లో క్వింటాలు రు. 142. 2025–26 సీజనుకు రు. 2,369, ఏ గ్రేడుకు రు. 2,389. మన 75 కిలోల బస్తాకు సాధారణ రకం రు. 1,776.75 అవుతుంది.

సేకరణ లెక్కలో క్వింటాలు ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం అప్పగించాలి. ఆ లెక్కన రు. 2,369 పెట్టి కొన్న ధాన్యంలో కిలో బియ్యానికి ధాన్యం ఖరీదే రు. 35.36 పడుతుంది. తవుడు, ఊక అమ్మకం దీనిలో తీసివేయాలి. మర ఖర్చు, హమాలీ, రవాణా, వడ్డీ కలపాలి. ఎగుమతి మార్కెట్టు ఈ లెక్కకు తక్కువగా వున్న రోజున స్వేచ్ఛా వ్యాపారి మద్దతు ధరకు ధాన్యం కొనలేడు. కొంటే నష్టపోతాడు. అప్పుడు కొనేది సర్కారే. సర్కారు కొనుగోలులో తేమ, సంచులు, లారీల వద్ద జాప్యం జరిగితే కళ్లంలో ధాన్యం వున్న రైతు తక్కువకు తెగనమ్ముకుంటాడు. క్వింటాలుకు రు. 100 తగ్గితే బస్తాకు రు. 75 పోయినట్లే.

కనుక డెల్టాలో మద్దతు ధర నేల వంటిదే గాని, నేల అంతటా ఒకే ఎత్తున వుండదు. తేమ 17 శాతం దాటిన సరకుకు అది పల్లం.

కౌలుదారు ప్రశ్న

యూరప్ పాఠాన్ని డెల్టాకు యథాతథంగా తెచ్చుకొనడానికి పెద్ద అడ్డంకి కౌలు. భీమవరం చుట్టుపట్ల వరి సాగు చేసేవారిలో కౌలుదారులే అధికం. వారు కౌలును బస్తాల లెక్కన చెల్లిస్తారు. మదుపు కోసం వ్యాపారి వద్ద, బ్రోకరు వద్ద అప్పు తెచ్చుకుంటారు. నోటి మాట మీద సాగే ఒప్పందాలే ఎక్కువ.

ధర రూపంలోని సాయం పండించి అమ్మిన వానికి చేరుతుంది. నగదు రూపంలోని సాయం పట్టా వున్న వానికి చేరుతుంది. కౌలుదారుల గుర్తింపు కోసం 2011లో ఒక చట్టం, 2019లో దాని స్థానే పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చినవి. అయినా కార్డు కోసం భూ యజమాని సమ్మతి కావాలి. ఆ సంతకం దొరకడం తేలిక కాదు. ఈ స్థితిలో ధరను వదలి నగదుకు మారితే డెల్టాలో అసలు సాగుదారుకు మిగిలేది పడిపోయిన ధర మాత్రమే. అతనికి మదుపు పెట్టిన వ్యాపారి బాకీ కూడా దానితోపాటే మునుగుతుంది.

బీడు, చెరువు

యూరప్‌లో రైతుకు సొమ్మిచ్చి బీడు పెట్టించారు. మన కోనసీమలో 2011 సార్వాలో రైతులు సొంత నష్టాన భూములు బీడు పెట్టారు. ఆ పంట విరామం దాదాపు లక్ష ఎకరాలకు పాకినది. 2007 నుంచి బాస్మతి కాని బియ్యం ఎగుమతిపై వున్న నిషేధం, నిండిన గోదాములు, పెరిగిన కూలి, మద్దతు ధరకు మించిన ఖర్చు కారణాలని రైతులు చెప్పారు. ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసినది. ఆ ఏడాది సెప్టెంబరులో ఎగుమతి తెరుచుకున్నది.

భీమవరం ప్రాంతంలో ఈ అసంతృప్తి మరొక రూపంలో కనిపిస్తుంది. వరి గిట్టుబాటు కాని పొలం చేపల చెరువుగానో, రొయ్యల చెరువుగానో మారుతుంది. బీడు మరుసటి ఏడాది తిరిగి వరి కావచ్చు. చెరువు అంత తేలికగా తిరిగి రాదు. ధాన్యం మీద ఆధారపడిన మిల్లుకు ఇది శాశ్వతంగా తగ్గిన సరకు.

వర్తకులు గమనించవలసినవి

మొదటిది, ప్రపంచ వాణిజ్య సంస్థ. ఉత్పత్తి విలువలో 10 శాతానికి మించి ధరల సాయం చేయరాదన్నది మన వంటి దేశాలకు నియమం. 2018–19లో బియ్యం విషయంలో ఈ హద్దు దాటినట్లు భారతదేశమే తెలిపి, 2013 నాటి బాలి ఒప్పందం కల్పించిన రక్షణను వాడుకున్నది. యూరప్ తన సాయాన్ని నగదుగా మార్చినందున ఆ సాయంలో అధికభాగం ఈ హద్దుల బయట వున్నది. ధర నుంచి నగదుకు మారాలన్న ఒత్తిడి బయటి నుంచి వచ్చేది ఇందువలననే.

రెండవది, ఎగుమతి విధానం. 2023 జూలై 20న తెల్ల బియ్యం ఎగుమతి నిషేధించారు. 2024 సెప్టెంబరు 28న టన్నుకు 490 డాలర్ల కనీస ధరతో తెరిచి, అక్టోబరులో ఆ కనీస ధరనూ తీసివేశారు. ఒప్పందం చేసుకున్న తర్వాత మూసుకునే రేవు మీద ఎవరూ పెద్ద పెట్టుబడి పెట్టలేరు.

మూడవది, నష్టభయాన్ని పంచుకునే మార్గం. యూరప్ రైతుకు, వర్తకునకు గోధుమ విషయంలో ముందస్తు వ్యాపారపు మార్కెట్టు వున్నది. మన దేశంలో బాస్మతి కాని ధాన్యంలో ముందస్తు వ్యాపారాన్ని సెబీ 2021 డిసెంబరులో నిలిపివేసి, తర్వాత గడువు పొడిగిస్తూ వచ్చినది. సర్కారు కొనుగోలు తగ్గితే ధరల ఒడుదుడుకుల భారమంతా మిల్లరు గోదాము మీద, బ్రోకరు పరపతి మీద పడుతుంది.

స్వేచ్ఛా మార్కెట్టు వస్తే వ్యాపారం పెరుగుతుందన్న ఆశ సహజమే. కేరళకు వెళ్లే బొండాల వంటి రకాలలో సర్కారు కన్న ఎక్కువ ధర ఇచ్చి కొనే వ్యాపారం డెల్టాకు కొత్త కాదు. అయితే యూరప్ ధర తగ్గించినది రైతు చేతికి ముందుగా పరిహారం ఖాయం చేసి, మూడేళ్ల గడువు ఇచ్చి. ఇక్కడ కౌలుదారు పేరు రికార్డులోకి ఎక్కి, ఎగుమతి విధానం స్థిరపడి, నిల్వకు పరపతి దొరికిన తర్వాతనే అటువంటి మార్పు నిలబడుతుంది. అంతవరకు దాళ్వా, సార్వా రెండు పంటలలోనూ మార్కెట్టుకు ఆనవాలు మద్దతు ధరే. దానికీ కళ్లం రేటుకీ మధ్య తేడా ఎంత వున్నదన్నదే ప్రతి సీజనులో చూడవలసిన అంకె.