మేకప్పు తీస్తే డైనోసారు!

మా మేనల్లుడు నాతో మూడు రోజులు మాట్లాడలేదండీ! వాడికి తొమ్మిదేళ్లు. అలిగితే మాత్రం కొత్తల్లుడి అలకే. గుమ్మంలో నేను కనిపిస్తే చాలు, పుస్తకం మొహానికి అడ్డం పెట్టేసుకునేవాడు.

కారణం చెప్పాలంటే నాకే సిగ్గు. వాళ్ల బడిలో క్విజ్ పోటీ పెట్టారు. 'వెలాసిరాప్టర్ అనే డైనోసారు ఎంత ఎత్తు ఉండేది?' అన్నది ఆఖరి ప్రశ్న. వీడు ధీమాగా లేచి 'మనిషంత' అన్నాడు. తప్పన్నారు. 'కాదు సార్, మా మావయ్య పత్రికలో రాశాడు' అని వాదించాడట. క్లాసంతా గొల్లుమంది. ఒక్క మార్కులో మొదటి బహుమతి పోయింది.

రాసింది నేనే, నిజమే. ఆరేళ్ల కిందట స్పీల్‌బర్గ్ తీసిన 'జురాసిక్ పార్క్' (1993) గురించి రాస్తూ, తెరమీద చూసింది చూసినట్టు కాగితం మీదికి దించేశాను. నాలుగో రోజున వాడు నోరు విప్పి అన్నమాట ఒక్కటే – "అచ్చులో ఉంటే నిజమే అనుకున్నా మావయ్యా!"

పాతికేళ్ల సీనియర్ ఎడిటర్ తిట్టినా ఇంత గుచ్చుకునేది కాదు.

రాజీ కుదుర్చుకుందామని ఒక లెగో పెట్టె కొనుక్కెళ్లాను. రంగురంగుల ప్లాస్టిక్ ఇటుకలు ఒకదాని మీద ఒకటి నొక్కి బొమ్మలు కట్టుకుంటారే, అవే. డెన్మార్క్ కంపెనీ. 'జురాసిక్ వరల్డ్' సినిమా వచ్చిన 2015 నుంచి ఆ సినిమా పేరుతో డైనోసార్ల పెట్టెలు అమ్ముతోంది. వాడు పెట్టె విప్పాడు, బొమ్మలు బిగించాడు, ఎగాదిగా చూశాడు. "ఇదీ తప్పే మావయ్యా!" అన్నాడు. అక్కయ్య కుట్టుమిషను దగ్గర టేపు తెచ్చాం. ఇద్దరం నేలమీద బోర్లా పడుకుని పరిశోధన మొదలెట్టాం.

టేపు చెప్పిన సాక్ష్యం

లెగో బొమ్మమనిషి ఎత్తు సుమారు 4 సెంటీమీటర్లు. అయిదున్నర అడుగుల మనిషిని నలభై రెండోవంతుకు కుదిస్తే అంత వస్తుంది. ఇక అదే లెక్కన జంతువుల్ని కొలవాలి. టైరనోసారస్ రెక్స్ – అదే, మన టీ-రెక్స్ – అసలు పొడవు సుమారు 12 మీటర్లు. నలభై రెండోవంతంటే 28 సెంటీమీటర్ల పైచిలుకు. మా పెట్టెలో బొమ్మ అడుగుకి కాస్త తక్కువ. శభాష్! హీరో పాసైపోయాడు.

ఇక రాప్టర్ వంతు. అసలు వెలాసిరాప్టర్ తోకతో సహా రెండు మీటర్లే. నడుం దగ్గర ఎత్తు అరమీటరు. సీమకోడి – అదే టర్కీ కోడి – అంత ఉంటుందన్నమాట! లెక్కప్రకారం బొమ్మమనిషి మోకాలు దాటి కాస్త పైకి రావాలి. కానీ పెట్టెలోని రాప్టరు బొమ్మమనిషి మొహంలో మొహం పెట్టి కోరలు చూపిస్తోంది. తేడా ఎక్కడొచ్చింది? బొమ్మ చేసినవాడు కోటానుకోట్ల ఏళ్లనాటి జంతువుని చూసి చెయ్యలేదు. సినిమా చూసి చేశాడు. నేనూ అదే చేశాను కదా!

ఒకరి ఒళ్లు, ఇంకొకరి పేరు

మరి సినిమా వాళ్లకి ఈ సంగతి తెలీదా? కథ 1990లో వచ్చిన మైకేల్ క్రైటన్ నవలది. ఆ రాప్టర్లకి ఒడ్డూపొడుగూ అరువిచ్చింది డైనోనికస్ అనే పెద్ద జంతువు. దాని ఎముకలు దొరికింది అమెరికాలో. వెలాసిరాప్టర్ ఎముకలు దొరికింది మంగోలియా ఎడారిలో. ఒకరి ఒళ్లు, ఇంకొకరి పేరు... మన పరిశ్రమ భాషలో చెప్పాలంటే డూప్ అన్నమాట! తెరమీద ఆ డూప్‌ని కూడా ఇంకాస్త సాగదీశారు.

వంటింటి సీనులో రాప్టరు తలుపు పిడి తిప్పి లోపలికొస్తుంటే హాల్లో కుర్చీలు వణికాయి. అసలు దానికి అరచెయ్యి కిందికి తిప్పడమే రాదు. చప్పట్లు కొట్టేవాడి చేతుల్లా దాని అరచేతులు ఎదురెదురుగా ఉండేవి.

ఇంకో పెద్ద సంగతి ఈకలు. 2007లో శాస్త్రవేత్తలు మంగోలియాలో దొరికిన ఒక వెలాసిరాప్టర్ ముంజేతి ఎముక మీద వరసగా చిన్న చిన్న బుడిపెలు చూశారు. పక్షుల్లో పెద్ద ఈకలు అతుక్కునే చోట ఉండే బుడిపెలే అవి! అంటే మన భయంకర విలన్ ఈకలు కప్పుకున్న సీమకోడంత జీవి. 1993లో ఈ ఆధారం లేదు కాబట్టి స్పీల్‌బర్గ్‌ని తప్పుపట్టలేం. తరవాతి సినిమాల్లోనూ చాలావరకు హిట్టయిన పాత మేకప్పే ఉంచేశారు. చివరికి 2022లో వచ్చిన 'డొమినియన్'లో పైరోరాప్టర్ అనే కొత్త తార ఈకలతో దిగింది. లెగో దాన్నీ బొమ్మ చేసింది. తెరమీద మారితే పెట్టెలోనూ మారుతుందన్నమాట!

ఎముకల్నే నమ్ముకున్న పెట్టెలూ ఉన్నాయి. 2019లో 910 ముక్కలతో అస్థిపంజరాల పెట్టె వచ్చింది, ముప్పై రెండో వంతు కొలతతో. 2025లో ఒక్క టీ-రెక్స్ అస్థిపంజరానికే 3,145 ముక్కలు, పన్నెండో వంతు కొలత, మీటరు దాటిన పొడవు! మేకప్పు, డ్రెస్సు లేకుండా నిలబెట్టాలంటే ఇక కొలతే కదండీ దిక్కు.

అసలు జురాసిక్ తార మనదే!

ఇంతకీ 'జురాసిక్' అన్న పేరుంది చూశారూ, అందులోనూ మెలిక ఉంది. జురాసిక్ యుగం పద్నాలుగున్నర కోట్ల ఏళ్ల కిందటే ముగిసింది. టీ-రెక్స్, వెలాసిరాప్టర్, ట్రైసెరాటాప్స్ ముగ్గురూ ఆ తరవాతి క్రెటేషియస్ యుగం వాళ్లు. టైటిల్ ఒకరిది, కాల్షీట్లు ఇంకొకరివి!

నిఖార్సయిన జురాసిక్ తారని చూడాలంటే హాలీవుడ్ దాకా పోనక్కర్లేదు. హైదరాబాదులో నౌబత్ పహాడ్ ఎక్కితే చాలు. బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ నిలబడి ఉంటుంది. ఆనాటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర, ఒక్కచోటే 840 ఎముకలు దొరికాయి. కనీసం 12 జంతువులవి. 1988లో పేరు పెట్టారు, ఊరి పేరు కూడా కలిపి – కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. పొడవు మెడ, స్తంభాల్లాంటి కాళ్లు. పాపం, సాధువు, ఆకులలములు తినే జీవి.

మొన్న ఆదివారం వాణ్ణి తీసుకెళ్లాను. అక్కడ మరో నిజం చెప్పాల్సొచ్చింది. ఈ జంతువు తల దొరకలేదు. దొరికినవి రెండు పళ్లే. అక్కడున్న తల ఇలాంటి ఇతర జంతువుల్ని బట్టి మనుషులు ఊహించి పెట్టింది. వాడు చాలాసేపు పైకి చూశాడు.

"అయితే ఇదీ బొమ్మేనా మావయ్యా?"

"కాదురా. తెలిసినంత వరకు నిజం. తెలియనిచోట ఊహ. రేపు తల దొరికితే దీన్ని తీసేసి అసలుది పెడతారు."

"నువ్వు రాసినది కూడా తీసి మళ్లీ పెట్టొచ్చా?"

ఏమంటాను? "పెట్టొచ్చు" అన్నాను. ఇంటికొచ్చి వాడు మిగిలిన ఇటుకలతో కోటసారస్ కట్టాడు. ఆకుపచ్చ కాళ్లు, ఎర్ర మెడ. తల మాత్రం పెట్టలేదు.

నేను కాగితాలు తీసుకున్నాను. పాఠకులారా, ఆరేళ్ల కిందట వెలాసిరాప్టర్ మనిషంత ఎత్తని రాశాను. తప్పు. అది సీమకోడంత. ఒంటినిండా ఈకలు. ఈ సంచిక రాగానే మొదటి కాపీ మా మేనల్లుడికే. బడికి పట్టుకెళ్తానంటున్నాడు. బహుమతి ఎలాగూ తిరిగి రాదు, కనీసం మావయ్య పరువైనా వస్తుందేమో చూడాలి!