లవ్ బర్డ్స్‌కు మేత, స్నానం: పొట్టు ఊదండి, మందు స్ప్రేయరు వాడకండి

తిరునాళ్లలో పిల్లలు మారాం చేస్తే జత లవ్ బర్డ్స్ కొని పంజరంతో సహా ఇంటికి తెచ్చే రైతులు చాలామందే ఉన్నారు. నెల తిరక్కుండానే ఒకటి చనిపోతుంది. దిష్టి తగిలిందనో, ఎండదెబ్బ అనో అనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం మేత గిన్నెలోనే ఉంటుంది.

ముందుగా ఒక మాట. చెట్టు తొర్రలోంచి రామచిలుక పిల్లను తీసి పెంచడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన చిలకలను పట్టకూడదు, అమ్మకూడదు, పంజరంలో ఉంచకూడదు. దొరికితే జరిమానా, జైలు కూడా పడవచ్చు. ఇక్కడ చెప్పేదంతా లవ్ బర్డ్స్ పేరుతో అమ్మే బుడ్జీ చిలకల గురించే. ఇవి ఆస్ట్రేలియా జాతి పక్షులు.

బుడ్జీ బరువు 30 నుంచి 40 గ్రాములు. రోజుకు ఒకటిన్నర, రెండు చెంచాల గింజలు చాలు. అయితే ఇది గింజను ఒలిచి పప్పు తిని, పొట్టును అదే గిన్నెలో వదులుతుంది. పైనుంచి చూస్తే గిన్నె నిండుగానే కనిపిస్తుంది. "మేత ఉంది కదా" అని మనం వేయం. పక్షి పొట్టు మీద కూర్చుని పస్తులుంటుంది. ఒకటి రెండు రోజుల పస్తుకే దీని ప్రాణం పోతుంది. కాబట్టి రోజూ పొద్దున్నే గిన్నె బయటికి తీసి పొట్టు ఊది, కొత్త గింజలు వేయాలి.

కొర్రలు, వరిగలు, సజ్జలు కలిపి వేయవచ్చు. మందు కొట్టని చేలో కొర్ర కంకి దొరికితే అలాగే పంజరానికి వేలాడగట్టండి, ఇష్టంగా ఒలుచుకు తింటాయి. పట్నంలో ఈ కంకినే దుకాణాల్లో కొంటారు! వట్టి గింజలే పెడితే ఎ విటమిన్ చాలక జబ్బుపడతాయి. కొత్తిమీర, తోటకూర, మునగాకు, క్యారెట్ తురుము కొద్దిగా పెట్టాలి. సున్నం కోసం సముద్రపు నురుగు ముక్క కట్టాలి. ఉప్పు వేసిన అన్నం, టీ, ఉల్లిపాయ, చాక్లెట్ పెట్టకూడదు.

విత్తగా మిగిలిన గింజలు మాత్రం వేయకండి. శుద్ధి చేసిన విత్తనానికి ఎర్ర రంగుతోపాటు మందు కూడా పట్టి ఉంటుంది. కడిగినా పూర్తిగా పోదు. మందు కొట్టిన చేలోని ఆకుకూర కూడా అంతే.

ఇక స్నానం. వారానికి రెండు మూడుసార్లు, ఎండాకాలంలో రోజూ చేయించవచ్చు. లోతులేని మట్టి మూకుడులో అంగుళంలోపు నీళ్లు పోసి పంజరంలో పెట్టండి. తనంతట తానే దిగుతుంది, పట్టుకుని ముంచకండి. కొన్ని నీళ్లంటే బెదురుతాయి. వాటికి తడి కొత్తిమీర కట్ట పెడితే ఆకుల్లో దొర్లి రెక్కలు తడుపుకుంటాయి. సబ్బు, షాంపూ వద్దు. సన్నగా నీళ్లు చిలకరించాలంటే కొత్త సీసా స్ప్రే కొనండి. పొలంలో వాడే స్ప్రేయరును ఎంత కడిగినా పక్షి దగ్గరికి తీసుకురాకూడదు.

పొద్దున 10 గంటల తర్వాత చేయిస్తే సాయంత్రంలోపు ఆరిపోతాయి. తడి రెక్కలతో ఫ్యాను గాలిలో, రాత్రి చలిలో ఉంచకండి. స్నానం కాగానే ఆ నీళ్లు తీసేయాలి, లేకపోతే రెట్ట కలిసిన ఆ నీళ్లే తాగుతాయి. తాగే నీళ్లు ఎండాకాలంలో రోజుకు రెండుసార్లు మార్చండి. పొయ్యి పొగ తగిలే చోట పంజరం కట్టకండి.

ఈకలు ఉబ్బించుకుని అడుగున కూర్చుంటే, తోక ఆడిస్తూ ఊపిరి తీస్తుంటే స్నానం ఆపేయండి. పంజరానికి ఒక పక్క గోనెపట్టా కప్పి, వెచ్చగా ఉంచి పశువుల ఆస్పత్రికి తీసుకెళ్లండి. ముక్కు చుట్టూ తెల్లగా పొరలు కడితే అది సన్న పురుగు వల్ల వచ్చే గజ్జి. గేదెకు తెచ్చిన గజ్జి మందు ఇంట్లో ఉంది కదా అని వేయకండి. 30 గ్రాముల పక్షికి ఎన్ని చుక్కలో డాక్టరే చెప్పాలి.