కొరియాలో థైరాయిడ్ కోతలు ఎందుకు తగ్గాయి?

దక్షిణ కొరియా ప్రభుత్వం 1999లో జాతీయ క్యాన్సర్ పరీక్షల కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ జాబితాలో థైరాయిడ్ లేదు. అయితే పరీక్షలకు ఎలాగూ వచ్చారు కదా అని, మరో 30–50 డాలర్లతో సమానమైన సొమ్ము తీసుకుని ఆసుపత్రులు మెడకు అల్ట్రాసౌండ్ కూడా చేయసాగాయి. సూది లేదు, నొప్పి లేదు, ఖర్చూ తక్కువే. జనం కాదనలేదు.

2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ బయటపడే రేటు 1993తో పోలిస్తే 15 రెట్లయింది. ఆ ఒక్క ఏడాదే 40 వేల మందికి పైగా రోగులుగా తేలారు. ఇంత ముందుగా పట్టుకుంటుంటే మరణాలు తగ్గాలి. తగ్గలేదు, పెరగనూ లేదు. ఏటా 300–400 దగ్గరే ఉండిపోయాయి.

థైరాయిడ్‌లో పుట్టే చిన్న పాపిల్లరీ గడ్డలు చాలావరకు మనిషిని ఏమీ చేయకుండా జీవితాంతం అలాగే పడి ఉంటాయి. 1985లో ఫిన్లాండ్‌లో వెలువడిన శవపరీక్షల అధ్యయనంలో మూడో వంతుకు పైగా మృతుల్లో ఇవి కనిపించాయి. కొరియా యంత్రాలు వెతికి పట్టుకున్నవి ఎక్కువగా ఇలాంటివే. చికిత్స తర్వాత దాదాపు అందరూ బతుకుతున్నారని లెక్కలు చూపేవి. చంపని గడ్డలను లెక్కలో కలిపితే ఆ శాతం పెరగక ఏమవుతుంది?

అలా తేలినవారిలో దాదాపు అందరికీ ఆపరేషన్ జరిగింది. మూడింట రెండు వంతుల మందికి గ్రంథిని మొత్తంగా తీసేశారు. అలాంటివారు బతికినంతకాలం రోజూ పరగడుపున థైరాక్సిన్ మాత్ర వేసుకోవాలి. ఆపరేషన్ చేయించుకున్నవారిలో దాదాపు 11 శాతం మందికి కాల్షియంను అదుపులో ఉంచే పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిన్నాయి. 2 శాతం మందికి స్వరతంత్రుల పక్షవాతం వచ్చింది.

2014 మార్చిలో ఎనిమిది మంది వైద్యులు కూటమి కట్టి, ఏ లక్షణమూ లేనివారికి ఈ అల్ట్రాసౌండ్ వద్దని బహిరంగంగా చెప్పారు. పత్రికలు, టీవీలు దాన్ని పట్టించుకున్నాయి. ఏడాది తిరిగేసరికి ఆపరేషన్లు 35 శాతం తగ్గాయి. మెడలో గడ్డ చేతికి తగిలినవారికి, గొంతు మారినవారికి ఈ మాట వర్తించదు. వారికి పరీక్ష తప్పనిసరి.

దీన్నిబట్టి ముందస్తు పరీక్షలన్నీ దండగ అనుకుంటే పొరపాటే. ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి లక్షన్నర మంది స్త్రీలతో అధ్యయనం చేసింది. పదో తరగతి చదివిన స్థానిక మహిళలకు శిక్షణ ఇచ్చి, గర్భాశయ ముఖద్వారానికి పలుచని ఎసిటిక్ ఆమ్లం పూయించింది. కాసేపటికి తెల్లమచ్చ తేలితే అనుమానించాలి. పరీక్ష అందినవారిలో ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. కేంద్రం 2016 మార్గదర్శకాల్లో 30 ఏళ్లు దాటిన స్త్రీలకు ఈ పరీక్షనే సూచించింది. అదే అధ్యయనంలో చేత్తో తడిమి చూసే రొమ్ము పరీక్ష ఫలితం మాత్రం ఇంత తేటగా లేదు. 50 ఏళ్లు, అంతకు పైబడినవారిలోనే మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి.