పడవ అద్దెకు.. దీవి కాదు!
విహారనౌకలో ద్వీపయాత్ర: ఖర్చు, అనుమతులపై అవగాహన అవసరం

చెన్నేకొత్తపల్లి: వానచినుకు కోసం ఆకాశం వంక చూసే ప్రాంతం మనది. సముద్రం వందల కిలోమీటర్ల దూరం. అయినా జాతీయ రహదారిపై బెంగళూరు చేరి విమానం ఎక్కితే అండమాన్ దూరమేమీ కాదు. యాట్‌గా పిలిచే విహారనౌకను మొత్తంగా అద్దెకు తీసుకుని, జనసంచారం లేని దీవులు చూసిరావచ్చన్న ప్రచారం అంతర్జాలంలో విరివిగా కనిపిస్తోంది. బయానా చెల్లించే ముందు తెలుసుకోవాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయి.

అసలు కంటే కొసరే ఎక్కువ
అద్దె మూడు రకాలు. సిబ్బందితో సహా నౌకను తీసుకోవడం మొదటిది. నౌకను మాత్రమే తీసుకుని స్వయంగా నడుపుకోవడం రెండోది. దీనికి నౌక నడిపే అర్హత పత్రం చూపాలి. ఇతరులతో కలిసి ఒక గదిని మాత్రమే తీసుకోవడం మూడోది. పెద్ద నౌకలకు వారం లెక్కన అద్దె చెబుతారు. సాధారణంగా అందులో నౌక, సిబ్బంది జీతాలు, బీమా మాత్రమే ఉంటాయి. డీజిల్, భోజనం, రేవు రుసుముల కోసం అద్దెలో 25 నుంచి 35 శాతం వరకు ముందుగా జమ చేయించుకుంటారు. మిగిలితే తిరిగి ఇస్తారు, చాలకుంటే మళ్లీ కట్టాలి. పన్నులు, సిబ్బందికి బహుమానం అదనం. అద్దె రూ.10 లక్షలన్నారంటే కనీసం రూ.13 లక్షలు సిద్ధం చేసుకోవాలన్నమాట.

నౌకలో మంచినీటికీ పొదుపే. సముద్రపు నీటిలోని ఉప్పును యంత్రంతో తొలగించి తాగునీరు చేస్తారు. ఫ్లోరైడ్ బెడదతో మన పల్లెల్లో వెలసిన ఆర్వో ప్లాంట్ల పద్ధతే ఇదీ. కాకుంటే పీడనం, ఇంధనం ఎక్కువ కావాలి.

అనుమతి ఉంటేనే అడుగు
అండమాన్, నికోబార్‌లో చిన్నాపెద్దా 836 ద్వీపాలు, శిలలు ఉండగా జనావాసాలున్నవి సుమారు 31. స్వరాజ్ ద్వీప్ (పూర్వపు హేవ్‌లాక్) వంటి పర్యాటక దీవులకు భారతీయులు స్వేచ్ఛగా వెళ్లవచ్చు. గిరిజన రక్షిత ప్రాంతాలకు, నికోబార్ దీవులకు ప్రత్యేక అనుమతి ఉండాలి. లక్షద్వీప్‌కు స్థానికేతరులంతా ప్రవేశ అనుమతి పొందాల్సిందే. దేశంలోని ఏకైక క్రియాశీల అగ్నిపర్వతం బారెన్ ద్వీపంలో ఉంది. శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్‌బ్లెయిర్) నుంచి సుమారు 135 కి.మీ. గంటకు 13 కి.మీ. వేగంతో సాగే తెరచాప నౌకకు పది గంటల ప్రయాణం. నౌకలో నుంచే చూడాలి, దిగరాదు.

గీత దాటితే చేటు
ఉత్తర సెంటినెల్ ద్వీపం చుట్టూ 5 నాటికల్ మైళ్ల లోపు, అంటే 9 కి.మీ.కు పైగా దూరం వరకు ప్రవేశం నిషిద్ధం. ఆదిమ తెగల రక్షణకు 1956లోనే నిబంధనలు వచ్చాయి. కారణం లేకపోలేదు. 1858లో బ్రిటిష్ వారు స్థిరపడేనాటికి వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు, బయటివారు తెచ్చిన రోగాల బారినపడి నేడు కొన్ని పదులకు తగ్గిపోయారు. మనకు సాధారణ జలుబే వారికి ప్రాణాంతకం కావచ్చు. 2018 నవంబరులో నిషేధాన్ని కాదని సెంటినెల్‌పై అడుగుపెట్టిన అమెరికా యువకుడు ప్రాణాలు కోల్పోయాడు. డబ్బు తీసుకుని అతడిని చేరవేసిన స్థానిక మత్స్యకారులు అరెస్టయ్యారు. అతడి దుస్సాహసానికి పడవ నడిపినవారూ మూల్యం చెల్లించారు. 2011 లెక్కల ప్రకారం అండమాన్ జనాభాలో సుమారు 13 శాతం మంది తెలుగువారే. వారిలో మత్స్యకారులూ ఎందరో ఉన్నారు. అక్కడి పడవలపై మన భాష వినిపించినా ఆశ్చర్యం లేదు.

ఒప్పందానికి ముందు..
* చూపించే ప్రతి దీవి పేరు, దాని అనుమతి పత్రం అడగాలి.
* అద్దెలో ఏవి కలిసి ఉన్నాయో, ఏవి అదనమో రాయించుకోవాలి.
* తుపానొస్తే సొమ్ము వాపసు ఎంతో తేల్చుకోవాలి. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు అనువైన కాలం.
* నౌక రిజిస్ట్రేషన్, బీమా, లైఫ్ జాకెట్లు పరిశీలించాలి.

'ఎవరూ వెళ్లని దీవికి తీసుకెళ్తాం' అని ఎవరైనా ఊరిస్తే, ఎవరూ ఎందుకు వెళ్లడం లేదో ముందుగా అడగడం మేలు.