వై-ఫై పాస్‌వర్డ్ ఎందుకు ఇవ్వరు, మేడమ్?



పోయిన నెల పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ఒక నాన్నగారు నన్ను ఇలా అడిగారు: "మేడమ్, ఇంత ఫీజు కడుతున్నాం. ప్రతి క్లాసులో పైన ఆ తెల్ల డబ్బాలు పెట్టారు. మరి మా బాబుకి వై-ఫై పాస్‌వర్డ్ ఎందుకు ఇవ్వరు? మా ఇంటికి ఎవరొచ్చినా అడగ్గానే మేము చెప్పేస్తాం కదా!"

వెనకాల చాలామంది వెయిట్ చేస్తున్నారు. "సెక్యూరిటీ కోసం సర్" అని రెండు ముక్కల్లో చెప్పి పంపించేశాను. ఆ జవాబు నాకే తృప్తిగా అనిపించలేదు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. అందుకే ఈ నెల దానికి పూర్తి జవాబు రాస్తున్నాను. ఇందులో కొంత మీ ఇంటి వై-ఫైకి కూడా పనికొస్తుంది.

ఇంటి వై-ఫై వేరు, క్యాంపస్ వై-ఫై వేరు

ఇంట్లో ఒక రౌటర్ ఉంటుంది. నాలుగు ఫోన్లు, ఒక టీవీ, ఒక ల్యాప్‌టాప్ దానికి కనెక్ట్ అవుతాయి. స్కూల్లో ఒక్క సెక్షన్‌లోనే 40 ట్యాబ్‌లు ఒకేసారి ఆన్ అవుతాయి. పక్క గదిలో ఇంకో 40. వీటికి తోడు స్మార్ట్ బోర్డులు, కెమెరాలు, ఆఫీసు కంప్యూటర్లు. పెద్ద ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో కూడా పరిస్థితి ఇదే.

వై-ఫై అంటే రేడియోనే. ఒక ఛానల్ మీద ఒకసారికి ఒక్క పరికరమే మాట్లాడాలి, మిగతావి ఆగాలి. క్లాసులో అందరూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా వినపడదు కదా, అలాగే. పాత 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డం రాని ఛానళ్లు మూడే: 1, 6, 11. అందుకే "స్లోగా ఉందా, ఇంకో నాలుగు రౌటర్లు పెట్టండి" అంటే పని జరగదు. ఒకే ఛానల్ మీద పక్కపక్కన రెండు డబ్బాలు పెడితే, రెండూ ఒకే వంతు కోసం ఎదురుచూస్తాయి. 5 గిగాహెర్ట్జ్‌లో ఛానళ్లు ఎక్కువ. కానీ ఆ సిగ్నల్‌ని గోడలు త్వరగా ఆపేస్తాయి.

అందుకే డబ్బాలను కారిడార్‌లో కాకుండా గదుల్లోనే పెట్టి, ఒక్కోదాని పవర్ తగ్గించి ఉంచుతారు. పవర్ తగ్గించడం ఏమిటని మొదట నేనూ ఆశ్చర్యపోయాను. అన్ని సెక్షన్లలో టీచర్లు మైకు ఫుల్ సౌండ్‌లో పెడితే ఏ క్లాసూ జరగదు కదా! ఏ డబ్బా ఏ ఛానల్‌లో, ఎంత పవర్‌తో పనిచేయాలో కంట్రోలర్ అనే ఒక సిస్టమ్ చూసుకుంటుంది.

ఇంకో విషయం. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే. నీరు ఈ సిగ్నల్‌ని పీల్చుకుంటుంది. వేసవి సెలవుల్లో ఖాళీ గదిలో టెస్ట్ చేస్తే అద్భుతంగా వచ్చిన సిగ్నల్, జూన్‌లో 40 మంది పిల్లలు కూర్చోగానే తగ్గుతుంది. కాబట్టి అసలు టెస్ట్ పిల్లలు ఉన్నప్పుడే చేయాలి.

అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇస్తే ఏమవుతుంది?

ఇది నా సొంత అనుభవం. ఇంతకు ముందు నేను పనిచేసిన ఒక స్కూల్లో స్టాఫ్ రూమ్ బోర్డు మీద వై-ఫై పాస్‌వర్డ్ రాసి ఉండేది. వారం తిరిగేసరికి నైన్త్ క్లాస్ పిల్లలందరికీ తెలిసిపోయింది. ఒక సోమవారం ఆన్‌లైన్ టెస్ట్ మధ్యలో నెట్ ఆగిపోయింది. రెండు సెక్షన్ల పిల్లలు స్క్రీన్ల వైపు చూస్తూ కూర్చున్నారు. కంప్యూటర్లంటే బాగా ఇష్టమున్న ఒక అబ్బాయి మీదికి అందరి చూపూ వెళ్లింది. "వాడే ఏదో సినిమా డౌన్‌లోడ్ పెట్టి ఉంటాడు" అన్నారు. బాబు కాదంటున్నా వినకుండా రెండు పీరియడ్లు ఆఫీసు బయట నిలబెట్టారు.

మధ్యాహ్నం టెక్నీషియన్ వచ్చాడు. రౌటర్‌లో కనెక్ట్ అయిన ఫోన్ల లిస్టు కనిపిస్తోంది కానీ, ఏది ఎవరిదో తెలియడం లేదు. అందరిదీ ఒకటే పాస్‌వర్డ్ మరి. చివరికి ఒక్కొక్కరి ఫోన్‌లో వై-ఫై ఆఫ్ చేయించుకుంటూ వచ్చాడు. నా ఫోన్ ఆఫ్ చేయగానే టెస్ట్ మళ్లీ నడిచింది. శనివారం యాన్యువల్ డేలో నేను తీసిన వీడియోలన్నీ, వై-ఫై దొరకగానే నా ఫోన్ దానంతట అదే బ్యాకప్ చేస్తోంది. అది నాకే తెలియదు.

ఆ బాబుకి సారీ చెప్పాను. "పర్లేదు మేడమ్" అన్నాడు. కానీ ఆ తర్వాత చాలా రోజులు ల్యాబ్‌లో చెయ్యి ఎత్తలేదు. ఆ రోజు నాకు అర్థమైంది ఒక్కటే: అందరికీ ఒకే తాళం ఉన్న చోట తప్పు చేసినవాళ్లు ఎవరో తెలియదు, తప్పు చేయనివాళ్లు తమను తాము కాపాడుకోనూ లేరు.

ఎవరి తాళం వారికి

అందుకే పెద్ద సంస్థల్లో ఎంటర్‌ప్రైజ్ పద్ధతి వాడతారు. ప్రతి ఒక్కరికీ వేరే యూజర్ నేమ్, వేరే పాస్‌వర్డ్. ఒక టీచర్ మానేస్తే ఆ ఒక్క లాగిన్ మూసేస్తే చాలు. ఒకే పాస్‌వర్డ్ ఉంటే మాత్రం, ఒక్కరు వెళ్లినప్పుడల్లా క్యాంపస్‌లో ఉన్న ప్రతి పరికరంలోనూ కొత్తది కొట్టాలి. ఎవరూ ఆ పని చేయరు. అందుకే పాత ఉద్యోగి ఫోన్‌లో ఏళ్ల తరబడి పాస్‌వర్డ్ అలాగే ఉండిపోతుంది.

రెండో పని, నెట్‌వర్క్‌ని గదులుగా విడగొట్టడం. డబ్బాలు అవే అయినా విద్యార్థులది ఒక దారి, స్టాఫ్‌ది ఒకటి, ఆఫీసుది, కెమెరాలది, అతిథులది వేరువేరు. ఎవరో అతిథి ఫోన్‌లో వైరస్ ఉంటే అది ఆఫీసు కంప్యూటర్ దాకా వెళ్లకూడదు. అక్కడ మీ ఆధార్ కాపీలు, ఫీజు వివరాలు, పిల్లల మార్కులు ఉంటాయి.

"మరి మా పిల్లలు ఏం చూస్తున్నారో అంతా మీరు చూస్తారా?" అని మీరు అడగొచ్చు. ఎవరి లాగిన్ ఎప్పుడు కనెక్ట్ అయింది, ఏ సైట్‌కి వెళ్లింది అన్నంత వరకే సాధారణంగా తెలుస్తుంది. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ తాళం వేసిన దారిలోనే నడుస్తాయి కాబట్టి లోపల రాసిన మెసేజ్‌లు మనకు కనిపించవు. ఇంకో నిజం కూడా చెప్పాలి. మన ఫిల్టర్ పనిచేసేది స్కూల్ వై-ఫై మీదే. బ్యాగులో దాచి తెచ్చిన ఫోన్‌లో సిమ్ డేటా ఉంటే దాన్ని మన ఫిల్టర్ ఏమీ చేయలేదు. అక్కడ మీ సహకారమే మాకు దిక్కు.

మీ పిల్లలు రేపు పెద్ద యూనివర్సిటీకి వెళ్లినప్పుడు ఈ సొంత లాగిన్ అలవాటే పనికొస్తుంది. ఎడ్యురోమ్ అనే అంతర్జాతీయ వై-ఫై సర్వీసు 100కు పైగా దేశాల్లో ఉంది. మన దేశంలో దాన్ని ఎర్నెట్ ఇండియా నడుపుతోంది. అందులో చేరిన ఒక యూనివర్సిటీ ఇచ్చిన లాగిన్‌తోనే, చేరిన ఇంకో దేశపు యూనివర్సిటీలో కూడా కనెక్ట్ కావచ్చు. ఆ లాగిన్ ఫ్రెండ్‌కి ఇస్తే, వాళ్లు చేసిన పనికి మన పిల్లలే జవాబు చెప్పాల్సి వస్తుంది.

నిర్లక్ష్యం ఖరీదు

ఇదంతా అతి జాగ్రత్త అనిపిస్తే ఒక నిజ సంఘటన చెబుతాను. అమెరికాలో టీజేఎక్స్ అనే పెద్ద రిటైల్ కంపెనీ ఉంది. దాని స్టోర్లలో వై-ఫైకి అప్పట్లో డబ్ల్యూఈపీ అనే పాత తాళం వాడేవారు. ఆ తాళాన్ని ఎలా విప్పవచ్చో 2001లోనే పరిశోధకులు బయటపెట్టారు. దాని బదులు డబ్ల్యూపీఏ 2003లో, డబ్ల్యూపీఏ2 2004లో వచ్చేశాయి. కంపెనీ పూర్తిగా మారేలోపే, 2005లో దొంగలు స్టోర్ వై-ఫై ద్వారా లోపలికి దూరి, అక్కడి నుంచి కంపెనీ ప్రధాన కంప్యూటర్ల దాకా వెళ్లారు. కనీసం 4.57 కోట్ల కార్డు నంబర్లు పోయాయని 2007లో కంపెనీయే చెప్పింది. ముఠా నాయకుడికి 2010లో 20 ఏళ్ల జైలు శిక్ష పడింది. దొంగలు షట్టర్ పగలగొట్టలేదు, గోడ దూకలేదు. వై-ఫై సిగ్నల్ గోడ దగ్గర ఆగదు కాబట్టి వాళ్లకు ఆ అవసరమే రాలేదు.

ఇంట్లో మీరు చేయగలిగినవి

1. రౌటర్‌కి రెండు పాస్‌వర్డ్‌లు ఉంటాయి. ఒకటి వై-ఫైది, రెండోది సెట్టింగ్స్ మార్చే అడ్మిన్ పాస్‌వర్డ్. చాలా ఇళ్లలో రెండోది కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంటుంది. నెట్ కనెక్షన్ ఇచ్చినవారిని అడిగి మార్చుకోండి.

2. సెక్యూరిటీ సెట్టింగ్‌లో డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఉందో లేదో చూడండి. డబ్ల్యూఈపీ అని ఉంటే వెంటనే మార్చండి. డబ్ల్యూపీఎస్ అనే బటన్ సదుపాయం ఉంటే ఆఫ్ చేయండి.

3. పాస్‌వర్డ్‌గా ఫోన్ నంబరు, పిల్లల పేరు, పుట్టిన తేదీ వద్దు. సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి పొడుగ్గా పెట్టండి.

4. ఇంటికొచ్చే బంధువులకు గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి అది ఇవ్వండి. వాళ్లను కాదన్నట్టూ ఉండదు, మీ ల్యాప్‌టాప్ కూడా భద్రంగా ఉంటుంది.

5. రాత్రి 9 తర్వాత పిల్లల ఫోన్‌కి నెట్ రాకుండా రౌటర్‌లో టైమ్ పెట్టినా వస్తోందా? కొత్త ఫోన్లు వై-ఫైకి తమ అసలు గుర్తింపు నంబరు బదులు వేరే నంబరు చూపిస్తాయి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఈ సదుపాయం ఉంది. ఫోన్‌లో మీ ఇంటి వై-ఫైకి మాత్రం దాన్ని ఆఫ్ చేసి చూడండి. దానికంటే ముందు పిల్లలతో కూర్చుని మాట్లాడితే ఇంకా మంచిది.

6. రైల్వే స్టేషన్‌లో, మాల్‌లో ఫ్రీ వై-ఫై మీద బ్యాంకు పనులు చేయకండి. తెలిసిన పేరుతోనే దొంగ వై-ఫై పెట్టడం కష్టం కాదు. "సర్టిఫికెట్ నమ్మదగినది కాదు" అని ఫోన్ హెచ్చరిస్తే ఓకే నొక్కకుండా బయటికి వచ్చేయండి.

ఇక ఆ నాన్నగారి ప్రశ్నకు జవాబు. సర్, మీ బాబుకి లాగిన్ ఇస్తాం. ట్యాబ్‌తో పని ఉన్న పీరియడ్లలో, వాడి పేరు మీద, వాడికి మాత్రమే. పాస్‌వర్డ్ ఫ్రెండ్‌కి చెప్పవద్దని ఇంట్లో మీరు కూడా ఒక మాట చెప్పండి. మీరు క్యాంపస్‌కి వచ్చినప్పుడు నెట్ కావాలంటే ఫ్రంట్ ఆఫీసులో అడగండి, ఆ రోజుకి పనిచేసే గెస్ట్ లాగిన్ ఇస్తారు. ఇంకా సందేహాలుంటే వచ్చే మీటింగ్‌లో తప్పకుండా అడగండి. ఈసారి రెండు ముక్కల్లో చెప్పి పంపించను.