బైఠక్ తీస్తుంటే కోచ్ ఏం చూస్తాడు?

తాలీంఖానాలో ఉస్తాద్ అయినా, గౌలిపుర జిమ్ములో కోచ్ అయినా బైఠక్‌లో వెతికేది ఒకటే, ఒళ్లు ఎక్కడ తప్పుతోందని. మోకాళ్లు లోపలికి వాలడం ముందు నుంచి, నడుము గుండ్రమవడం, మడమలు లేవడం పక్క నుంచి కనబడతాయి. మడమ లేస్తే కింద పల్చటి చెక్క పెట్టి మళ్లీ కూర్చోమంటారు. అప్పుడు సరిగ్గా కూర్చుంటే చాలాసార్లు బిగుసుకున్నది చీలమండే.

సజ్దా నుంచి లేవలేక కుర్చీ మీద నమాజు చదివే పెద్దలు మన ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్లు కుర్చీలోంచి లేచేటప్పుడు గమనించండి: చేతులు ఆనిస్తున్నారా? బరువంతా ఒకే కాలి మీద వేస్తున్నారా? వదులు బట్టల్లో మోకాలు కనబడదు, ఆడవాళ్లకు లేడీ కోచ్ కావాలనేది పర్దా కోసం మాత్రమే కాదు.

నొప్పి మాత్రం కంటికి అందదు, అడగాల్సిందే. అమెరికాలో పుట్టిన ఎఫ్‌ఎంఎస్ పరీక్షలో 7 కదలికలకు 0 నుంచి 3 దాకా మార్కులు. ఎంత బాగా చేసినా నొప్పి అంటే 0. అప్పుడు కోచ్ బరువు పెంచడు, డాక్టరుకు చూపించమంటాడు.