చక్కెర తీసేస్తే క్యాలరీలు పోతాయా?

ఆవిరి మీద ఉడికే ఇడ్లీకీ, మూకుడులో వేగే జంతికకీ సరుకుల్లో పెద్ద తేడా లేదు. రెండింటికీ బియ్యం, మినప్పప్పు, ఉప్పే మూలం. అయినా వంద గ్రాముల ఇడ్లీతో ఒంటికి చేరేది దాదాపు 130-150 కిలోక్యాలరీలైతే, అంతే బరువు జంతికలతో చేరేది 500 పైమాటే. తేడా అంతా నీళ్ల దగ్గర వచ్చింది. ఇడ్లీ బరువులో సగానికి పైగా నీళ్లే, నీళ్లకి క్యాలరీలు లేవు. జంతిక కాగిన నూనెలో పడగానే బుసబుసా లేచే బుడగలు పిండిలోని తేమ ఆవిరై పోవడమే. ఆ తేమ వదిలిన సందుల్లోకి నూనె చేరుతుంది. చిల్లుల గరిటెతో తీసి పళ్లెంలో వేశాక చల్లారేటప్పుడు కూడా పైన అంటిన నూనె లోపలికి ఇంకుతూనే ఉంటుంది. సున్నా పోయి, ఆ చోటికి గ్రాముకి తొమ్మిది కిలోక్యాలరీలిచ్చే సరుకు వచ్చి కూర్చుంది. అంగట్లో దొరికే ఏ తినుబండారంలోనైనా శక్తి తగ్గించాలంటే ఈ లెక్కే దిక్కు: నీళ్లో పీచో పెరగాలి, కొవ్వు తగ్గాలి. ప్యాకెట్ల మీద మాత్రం 'షుగర్ ఫ్రీ' కథ నడుస్తోంది.

గ్రాము కొవ్వుకి తొమ్మిది, పిండిపదార్థానికీ మాంసకృత్తులకీ నాలుగేసి అన్న లెక్క అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో విల్బర్ ఆట్‌వాటర్ 1890ల్లో చేసిన పరిశోధనల నుంచి వచ్చింది. మనిషి రోజుల తరబడి ఉండగలిగే గదిని కట్టించి, లోపలున్నవాళ్లు తిన్నదీ విసర్జించిందీ, ఒంట్లోంచి వచ్చిన వేడీ అన్నీ కొలిపించాడాయన. ఆ అంకెలతో ఓ తీపి బిస్కట్‌ని లెక్కగడదాం. వంద గ్రాముల్లో చక్కెర 25 గ్రాములుంటే దాని వాటా వంద కిలోక్యాలరీలు. మొత్తం 480 దాకా ఉంటుంది, మిగతాదంతా దాదాపు మైదాదీ పామాయిల్‌దీ. చక్కెర తీసేస్తే బిస్కట్‌లో పావు వంతు ఖాళీ. కరకరలాడటానికీ ఎర్రగా కాలడానికీ చాలావరకు చక్కెరే కారణం కాబట్టి ఆ ఖాళీని ఏదో ఒకదానితో పూడ్చక తప్పదు. మాల్టోడెక్స్‌ట్రిన్ వేస్తే అదీ పిండిపదార్థమే, గ్రాముకి నాలుగే. పైగా అది రక్తంలోకి గ్లూకోజ్‌గా చకచకా చేరుతుంది, మధుమేహులు ఏరికోరి కొనే ప్యాకెట్లోనే అది ఉంటే ఏమనాలి? మైదా పెంచినా లెక్క మారదు, గుల్లదనం కోసం కొవ్వు పెంచితే క్యాలరీలు ఎక్కువే అవుతాయి. గ్రాముకి ఒకటే ఇచ్చే పాలీడెక్స్‌ట్రోజ్ అనే పీచు వాడితే 75 తగ్గి 405 దగ్గర ఆగుతుంది. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల ప్రకారం ఘనాహారాన్ని 'తక్కువ క్యాలరీలది' అని చెప్పుకోవాలంటే వంద గ్రాముల్లో 40 మించకూడదు. పదింతల దూరం!

శీతల పానీయం సంగతి వేరు. అందులో చక్కెర వదిలిన చోటుని నీళ్లే నింపేస్తాయి. మూడొందల మిల్లీలీటర్లలో 33 గ్రాముల చక్కెర తీసి సుక్రలోజ్ అనే కృత్రిమ తీపి పదార్థం చిటికెడు వేస్తే 130 కిలోక్యాలరీలు నిజంగానే మాయం. బ్రిటన్ అనుభవం ఇదే చెబుతుంది. 2018 ఏప్రిల్ నుంచి తీపి పానీయాల మీద పన్ను వేస్తే, ఆ పరిధిలోకి వచ్చే పానీయాల్లో చక్కెర 2015తో పోల్చితే 2020కల్లా 46 శాతం దాకా తగ్గింది. అదే కాలంలో బిస్కట్లు, చాక్లెట్లు, కేకుల వంటివాటిలో 20 శాతం తగ్గించమంటే తగ్గింది 3.5 శాతం. మొదటిది పన్ను, రెండోది స్వచ్ఛందం కదా అనొచ్చు, నిజమే. పన్ను భయం పనిచేసింది. కానీ పానీయం చేసేవాడికి మార్గం సులువుగా దొరికింది, బిస్కట్ చేసేవాడికి దొరకలేదన్నదీ అంతే నిజం. ఇక బరువు తగ్గడానికి కృత్రిమ తీపి పదార్థాల్ని నమ్ముకోవద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అంటే సీసాలో తగ్గిన క్యాలరీలు రోజు మొత్తంలో తగ్గుతాయన్న హామీ లేదు.

అసలు క్యాలరీల లెక్కే తప్పు కదా అనేవాళ్లున్నారు. వాళ్ల దగ్గర గట్టి ఆధారమే ఉంది. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు 2012లో చూస్తే, 28 గ్రాముల బాదంపప్పు నుంచి ఒంటికి అందింది సుమారు 129 కిలోక్యాలరీలే, లేబుల్ లెక్క 170కి దగ్గర. నమలగా మిగిలిన పలుకుల్లోని కొవ్వు జీర్ణం కాకుండానే బయటికి పోతుంది. కానీ ఈ తప్పు ఎటు మొగ్గిందో చూడాలి: గట్టి గింజని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిస్తోంది. మెత్తగా మరపట్టిన మైదాకి అలాంటి తగ్గింపు దొరకదు. క్యాలరీలు సమానమైతే ఏం తిన్నా ఒకటే అన్న వాదనా నిలవదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం, 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఇరవై మందికి రెండు వారాలు అతిగా శుద్ధిచేసిన ఆహారం, రెండు వారాలు మామూలు వంట పెట్టింది. వడ్డించిన వాటిలో క్యాలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానం. తిన్నది మాత్రం మొదటిదానిలో రోజుకి 500 కిలోక్యాలరీలు ఎక్కువ. పానీయాల్ని పక్కనపెడితే ఆ తిండి గ్రాముకి ఎక్కువ శక్తి నింపుకున్నది, తినడమూ వేగంగానే సాగింది. కడుపు బరువుని చూసుకుంటుంది, క్యాలరీల్ని చూసుకోదు.

గ్రాముకి ఎక్కువ శక్తి ఉండటం, అంటే సాంద్రత, అన్నివేళలా చెడ్డదేం కాదు. పిడికెడు తిండితో ఎదగాల్సిన పసిపిల్లలకి అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో నూనె, చక్కెర కలిపేది అందుకే. పలచని గంజితో వాళ్ల పొట్ట నిండుతుంది, అవసరం తీరదు. ఎండలో కంకర మోసే కూలీకి పల్లీపట్టీ తగిన తిండే. చిక్కంతా కుర్చీలో కూర్చునేవాడి చేతికి అదే సాంద్రత సాయంత్రం టీతోపాటు అందడంలో ఉంది. ఇంట్లో కూరల సాంద్రత పెంచేది నూనే: హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రెండువేల కిలోక్యాలరీల పళ్లెంలో నూనెకి ఇచ్చిన చోటు 27 గ్రాములు. నలుగురున్న ఇంట్లో నెలకి మూడున్నర లీటర్లు దాటితే ఆ గీత దాటినట్టే.

ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న క్యాలరీల అంకెని ముందుకి తెచ్చే పని చిలీ 2016లో మొదలుపెట్టింది. చక్కెరో సంతృప్త కొవ్వో కలిపిన ఘనాహారంలో వంద గ్రాములకి 275 కిలోక్యాలరీలు దాటితే 2019 నుంచి అక్కడ నల్లటి అష్టభుజి ముద్ర తప్పనిసరి. ఏమీ కలపని పల్లీకి, బాదానికి ఆ ముద్ర ఉండదు. మన దగ్గర 2022లో వచ్చిన ఎఫ్ఎస్ఎస్ఏఐ ముసాయిదా ప్యాకెట్ ముందు మార్కుల్ని బట్టి నక్షత్రాల్ని ప్రతిపాదించింది. అందులో గింజలు, పీచు, మాంసకృత్తులకి పడే మార్కులు చక్కెరకీ కొవ్వుకీ పడే కోతని కొంత పూడ్చేస్తాయి. కాస్త ఓట్లు, నాలుగు బాదం పలుకులు చల్లిన బిస్కట్‌కి ఆ లెక్కలో ఓ నక్షత్రం పెరగొచ్చు. చిలీ గీత ముందు పెడితే దానికి పడేది నల్ల ముద్రే.